పాత ట్రాఫిక్ సిగ్నల్‌కు రంగు వేయడం చివరి పని

అమెరికాలో పాత ట్రాఫిక్ సిగ్నళ్లను సేకరించి, బాగుచేసి, ఇంట్లో మళ్లీ వెలిగించుకునే అభిరుచి గురించి కిందటి సంచికలో రాశాము. దానికి స్పందించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువభాగం అక్కడ స్థిరపడిన తెలుగువారివి, కొన్ని ఇక్కడివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, అవసరాన్నిబట్టి కొన్నింటికి విపులంగా, కొన్నింటికి క్లుప్తంగా జవాబు ఇస్తున్నాము.

ప్రశ్న: ఒక తుక్కు సామాన్ల యార్డులో క్రౌస్-హైండ్స్ కంపెనీవారి మూడు దీపాల సిగ్నల్ కొన్నాను. పైనున్న పసుపు రంగు పెచ్చులుగా ఊడుతోంది, దాని కింద ముదురాకుపచ్చ కనబడుతోంది. పౌడర్ కోటింగ్ (పొడి రంగును చల్లి వేడితో గట్టిపరచడం) చేసే దుకాణంవారు దాన్ని రెండు రోజుల్లో కొత్తదానిలా చేసి ఇస్తామంటున్నారు. ఇచ్చేయవచ్చునా?
— పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ఈ అభిరుచిలోకి కొత్తగా వచ్చినవారందరూ మొదట రంగు గురించే అడుగుతారు, మొదటి ఖర్చు కూడా దానిమీదే పెడతారు. కాని పాత సిగ్నల్ విలువ దాని లెన్సులో, వాటి వెనకనున్న రిఫ్లెక్టర్లలో, లోహపు పోతలో అచ్చయిన గుర్తుల్లో, లోపలి వైర్ల అమరికలో ఉంటుంది. రంగును ఎప్పుడైనా వేయవచ్చు. పగిలిన లెన్సును, గీతలు పడ్డ రిఫ్లెక్టరును, విరిగిన తలుపు చెవిని తిరిగి తెచ్చుకోవడం కష్టం.

ముందుగా లెన్సులను పట్టుకుని ఉండే మూడు తలుపులూ తెరిచి, ఏ వైరు ఏ మరకు వెళుతోందో స్పష్టంగా తెలిసేలా ఫొటోలు తీసుకోండి. తలుపులు తెరవడమే మీకు మొదటి పరీక్ష అవుతుంది. అల్యూమినియం పోతలోకి బిగించిన ఉక్కు మరలు దశాబ్దాల వానకూ, చలికాలంలో రోడ్లమీద చల్లే ఉప్పుకూ లోహంతో కలిసిపోయినట్లు పట్టుకుపోయి ఉంటాయి. బలం పెట్టి తిప్పితే మర తల తెగుతుంది, లేదా అంతకంటె చెడ్డగా పోతలోని చెవే విరుగుతుంది. తుప్పు వదిలించే పలుచటి నూనె పోసి ఒక రాత్రి వదిలేయండి. మరునాడు లెన్సులు, గాస్కెట్లు (నీరు చొరకుండా సందుల్లో పెట్టే పట్టీలు) దగ్గరలో లేకుండా చూసుకుని మర చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని కొద్దిగా వేడి చేయండి. ఉక్కు కంటె అల్యూమినియం ఎక్కువగా వ్యాకోచిస్తుంది కనుక పట్టు సడలుతుంది. తిరిగి బిగించేటప్పుడు ఇత్తడి మరలుగానీ స్టెయిన్‌లెస్ మరలుగానీ వాడి, వాటికి పట్టుకుపోకుండా ఉంచే పేస్టు రాయండి.

లెన్సును విప్పేముందు దాని అంచున ‘టాప్’ అనే గుర్తు ఎక్కడుందో చూడండి. లెన్సు లోపలివైపున్న పట్టకాల వరుసలు బల్బు కాంతిని డ్రైవర్ల కళ్లు ఉండే ఎత్తుకు, అంటే కిందివైపుకు వంచుతాయి. తలకిందులుగా బిగిస్తే ఆ కాంతి ఆకాశానికి పోతుంది. గాజు లెన్సును గోరువెచ్చని నీళ్లు, కొద్దిపాటి సబ్బు, మెత్తని బ్రష్షుతో కడిగితే చాలు. రిఫ్లెక్టరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పాత రిఫ్లెక్టర్లు వెనక వెండిపూత వేసిన గాజుతో చేసినవి. వెనకనున్న రక్షణ రంగు పెళుసుబారి ఉంటే దాన్ని తాకనే వద్దు. తరువాతి కాలంలో వచ్చినవి అల్‌జాక్ అనే పద్ధతిలో మెరుగుపెట్టిన అల్యూమినియంవి. వీటిని పీచుతో రుద్దినా, అమోనియాగానీ చాకలిసోడాగానీ కలిసిన ద్రవాలతో కడిగినా మెరుపు పోతుంది, పోయిన మెరుపు తిరిగి రాదు. డిష్‌వాషరులో పెట్టి రిఫ్లెక్టర్లను పాడుచేసుకున్నవారు ఈ అభిరుచిలో తక్కువమందేమీ లేరు.

గుడ్డ తొడుగు లేదా పాత రబ్బరు తొడుగు ఉన్న వైర్లను ఒక్కటి కూడా మిగల్చకుండా మార్చండి. చూడటానికి బాగానే ఉన్న తొడుగు వంచగానే పొడిపొడిగా రాలిపోవచ్చు, లోపల పారేది 120 వోల్టుల విద్యుత్తు. వేడికి తట్టుకునే కొత్త వైరు వేసి, లోహపు గూటికి తప్పనిసరిగా ఎర్త్ ఇవ్వండి. వైర్లను కలిపే పాత బిగింపు పలకను మాత్రం శుభ్రం చేసి అలాగే ఉంచండి.

ఇదంతా అయిన తరువాత రంగు సంగతి చూడండి. పౌడర్ కోటింగును సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో గట్టిపరుస్తారు కాబట్టి లోపల ఒక్క గాస్కెటుగానీ బేకలైటు అనే పాతకాలపు ప్లాస్టిక్ ముక్కగానీ మిగిలినా నాశనమవుతుంది. మరొక చిక్కు చాలామందికి తట్టదు. సెక్షన్లు, అంటే ఒక్కొక్క దీపం ఉండే గూళ్లు, ఒకదానితో ఒకటి కలిసేచోట 72 పళ్ల వలయం ఉంటుంది. సిగ్నల్‌ను కోరిన దిక్కుకు తిప్పి బిగించేది ఆ పళ్లే. వాటిమీద మందపు పూత పడితే రెండు వలయాలూ సరిగా కూర్చోవు. దుకాణంవారికి ఇవ్వదలచుకుంటే ఆ పళ్లను కప్పమని రాతపూర్వకంగా చెప్పండి. దీపంమీద గొడుగులా ముందుకు వచ్చే వైజరు లోపలిభాగానికి మెరుపులేని నలుపే వేయించండి. ఎండ లోపలికి పడి, వెలగని దీపం వెలిగినట్లు కనబడే భ్రమను తగ్గించేది ఆ నలుపు.

పసుపా, ఆకుపచ్చా అన్న సందేహానికి తలుపు లోపలివైపు, బందుల కింద చూడండి. ముదురాకుపచ్చ వేసిన సిగ్నళ్లకు తరువాత పసుపు పూసిన నగరాలు అమెరికాలో చాలా ఉన్నాయి. అడుగుపొర ఆకుపచ్చే అయితే నా ఓటు ఆకుపచ్చకే. రంగు ఊడకుండా గట్టిగా ఉన్న సిగ్నల్ దొరికినప్పుడు మాత్రం కడిగి, మైనం పూసి, దాని మచ్చలతో సహా వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

ప్రశ్న: మావారు వారాంతాల్లో గరాజులో కూర్చుని పాత సిగ్నల్ రంగును గ్రైండరుతో గీకుతున్నారు. ఇల్లంతా సన్నని పసుపు దుమ్ము. మాకు మూడేళ్ల పాప ఉంది. 1978 తరువాతి సిగ్నల్ కాబట్టి సీసం భయం లేదని ఆయన అంటున్నారు. నిజమేనా?
— పాఠకురాలు, ప్లేనో, టెక్సస్

జవాబు: నిజం కాదు, అమ్మా. ఆ పనిని ఈ రోజే ఆపించండి. 1978లో అమెరికాలో వచ్చిన నిషేధం ఇళ్లకు, ఆటవస్తువులకు, ఫర్నిచరుకు వాడే రంగులకు సంబంధించినది. పారిశ్రామికంగా వాడే రంగులు దాని పరిధిలో లేవు. ఎండకు వెలవని పసుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు లవణాన్ని ఆ తరువాత కూడా వాడారు. కాబట్టి సిగ్నల్ తయారైన ఏడును చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.

పొడిగా గీకడం, గ్రైండరు పెట్టడం, మంటతో కాల్చడం మూడూ ప్రమాదకరమే. గీసినప్పుడు లేచే దుమ్ము నేలమీద పేరుకుంటుంది, పిల్లలు నేలమీద చేతులు పెట్టి ఆ చేతులనే నోట్లో పెట్టుకుంటారు. గరాజును చీపురుతో ఊడ్చవద్దు, మామూలు వాక్యూమ్ క్లీనరు కూడా వాడవద్దు, ఆ దుమ్ము మళ్లీ గాలిలోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, అతి సన్నని దుమ్మును కూడా పట్టే హెపా ఫిల్టరు ఉన్న వాక్యూముతో లాగించండి. పనిలో వేసుకున్న బట్టలను విడిగా ఉతకండి. పాపకు రక్తంలో సీసం పరీక్ష చేయించమని పిల్లల డాక్టరును అడగండి. ఇది చిన్న పరీక్షే, ఆలస్యం చేయవద్దు.

మీవారికి ఒక మాట. ముద్దలా పూసే రసాయనంతో రంగును తడిగా ఉండగానే మెత్తబరచి ఎత్తేయవచ్చు, అప్పుడు దుమ్ము లేవదు. ఎత్తిన ముద్దను చెత్తబుట్టలో వేయకుండా మీ కౌంటీలో ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే చోట అప్పగించండి. ఆ రసాయనం అల్యూమినియానికి సరిపడేదై ఉండాలి. గూడు పాలీకార్బొనేటుదైతే దానికి రసాయనమే వద్దు, ఆ ప్లాస్టిక్ వెంట్రుకవాసి పగుళ్లు తీస్తుంది. ఇంకొకటి: పాత బల్బు హోల్డర్ల నుంచి వచ్చే వైర్లకు తెల్లని నారలాంటి అల్లిక కనబడితే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. పొడిగా లాగవద్దు, తెంపవద్దు; పరీక్ష చేయించేదాకా సంచిలో మూసి ఉంచండి.

ప్రశ్న: నేను కొన్న పాత సిగ్నల్‌లో ఆకుపచ్చ దీపం నీలంగా కనబడుతోంది. కొత్త ఎల్‌ఈడీ బల్బు వేశాను. లెన్సు తప్పుదా?
— పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: లెన్సు సరైనదే, బల్బు సరిపడనిది. పాత ఫిలమెంటు బల్బు కాంతిలో పసుపు ఎక్కువ. ఆ కాంతి లెన్సు గుండా వచ్చాక ఆకుపచ్చగా కనబడాలని గాజులోనే నీలం పాలు కలిపారు. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియనివారికీ ఈ నీలిఛాయ సాయపడుతుంది. మీరు వేసిన తెల్లని ఎల్‌ఈడీలో పసుపు తక్కువ కావడంవల్ల లెన్సులోని నీలం బయటపడింది. 2700 కెల్విన్ అని రాసి ఉన్న పసుపుఛాయ బల్బు వేయండి.

రంగు సరిపోయినా వెలుగు మధ్యలో చుక్కలా, చుట్టూ చీకటిగా ఉందంటే బల్బు పొడవు కుదరలేదని అర్థం. రిఫ్లెక్టరు కేంద్రస్థానంలో ఫిలమెంటు ఉంటేనే లెన్సు నిండా కాంతి పరుచుకుంటుంది. సిగ్నళ్ల కోసమే చేసిన బల్బుల్లో అడుగునుంచి ఫిలమెంటు దాకా ఉండే దూరం 8 అంగుళాల లెన్సుకు 2 7/16 అంగుళాలు, 12 అంగుళాల లెన్సుకు 3 అంగుళాలు. ఇంట్లో వాడే బల్బుకు ఆ లెక్క లేదు. 8 అంగుళాల గూట్లో సాధారణంగా 69 వాట్ల బల్బు, 12 అంగుళాలదానిలో 150 వాట్లది ఉండేవి. ఇంట్లో గంటలకొద్దీ వెలిగించుకోవడానికి అంత వేడి అనవసరం. అసలు బల్బులను పెట్టెలో దాచి, కాంతి కేంద్రం దాదాపు అదే ఎత్తులో వచ్చే ఎల్‌ఈడీని వెతుక్కోండి.

ప్రశ్న: పాత సిగ్నళ్లు ఇంత విరివిగా ఎలా బయటికి వస్తున్నాయి? కొనడం చట్టబద్ధమేనా? ఏ కాలానిదో ఎలా గుర్తించాలి?
— పాఠకులు, నేపర్‌విల్, అట్లాంటా

జవాబు: ముఖ్యకారణం విద్యుత్ ఖర్చు. 2005లో అమెరికా చేసిన ఇంధన విధాన చట్టం ప్రకారం 2006 జనవరి 1 తరువాత తయారయ్యే సిగ్నల్ దీపాలు కఠినమైన పొదుపు ప్రమాణాన్ని అందుకోవాలి, ఆ ప్రమాణం ఫిలమెంటు బల్బుకు అందనిది. 150 వాట్ల బల్బు చేసే పనిని ఎల్‌ఈడీ దానిలో పదోవంతు దరిదాపు విద్యుత్తుతో చేస్తుంది. అందుకని దీపాలు మార్చేటప్పుడు చాలా నగరాలు గూళ్లను కూడా దించేశాయి. అవి నగరపాలక సంస్థల వేలాల్లో, సిగ్నళ్లు బిగించే కాంట్రాక్టర్ల దగ్గర, తుక్కు యార్డుల్లో దొరుకుతాయి. రసీదు తీసుకుంటే కొనడంలో తప్పులేదు. స్తంభంమీద ఉన్నది, కూడలిలో కూలి పడి ఉన్నది మాత్రం ఎంత పాతదైనా నగరానిదే. తుపాను తరువాత రోడ్డుపక్కన దొరికిందని తెచ్చుకున్నా దొంగతనమే.

గుర్తించడానికి తలుపు లోపలివైపు, గూటి అడుగు చూడండి. క్రౌస్-హైండ్స్ న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరానిది, ఈగిల్ సిగ్నల్ ఇలినాయ్‌లోని మొలీన్‌ది, మార్బెలైట్ బ్రూక్లిన్‌ది, ఎకోనొలైట్ కాలిఫోర్నియాది. సంస్థ పేరు, కొన్నిసార్లు ఊరి పేరు కూడా పోతలోనే ఉంటాయి. లెన్సుల అంచున పెన్సిల్వేనియాలోని కాప్ గ్లాస్ వంటి గాజు సంస్థల పేర్లు, అచ్చు సంఖ్యలు కనబడతాయి. అయితే నగరాలు పగిలిన లెన్సు స్థానంలో చేతికందినదాన్ని వేసేవి. కాబట్టి లెన్సునుబట్టి గూటి వయసును లెక్కగట్టకూడదు. గాజు లెన్సుల స్థానంలో ప్లాస్టిక్, అల్యూమినియం గూటి స్థానంలో పాలీకార్బొనేటు ఉంటే అది తరువాతి కాలానిది. ఎర్ర లెన్సుమీద ‘స్టాప్’ అన్న అక్షరాలుంటే పాతకాలపుదని ఆశపడవచ్చు. అక్షరాలు తరువాత అంటించినవి కాదని గోటితో తడిమి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

ప్రశ్న: ఆకుపచ్చ పైన, ఎరుపు కింద ఉన్న సిగ్నల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఎవరో తప్పుగా బిగించారా?
— పాఠకుడు, బఫలో, న్యూయార్క్

జవాబు: తొంభైతొమ్మిది పాళ్లు అంతే. మిగిలిన ఒక్కపాలు కోసం ఎక్కడనుంచి వచ్చిందో అడగండి. సిరక్యూస్‌లో టిప్పరరీ హిల్ అనే ఐరిష్‌వారి పేటలో 1920లలో సిగ్నల్ పెట్టినప్పుడు, బ్రిటిష్‌వారి ఎరుపు తమ ఆకుపచ్చమీద ఉండటమేమిటని కుర్రకారు రాళ్లు విసిరి దీపాలు పగలగొడుతూ పోయారు. చివరికి నగరమే దిగివచ్చి ఆకుపచ్చను పైన పెట్టింది. ఆ కూడలిలో ఈనాటికీ అలాగే ఉంది. క్రౌస్-హైండ్స్ సొంత ఊళ్లోనే సిగ్నల్ తలకిందులైందన్నమాట. మీకు చూపించినది ఆ కూడలిదని అమ్మేవాడు అంటే కాగితం చూపమనండి.

ప్రశ్న: ట్రాఫిక్ సిగ్నల్‌ను కనిపెట్టింది గ్యారెట్ మోర్గాన్ అని పోటీపరీక్షల పుస్తకంలో ఉంది. సరైనదేనా?
— విద్యార్థి, గుంటూరు

జవాబు: ఒక్కరి పేరు చెప్పడం సరికాదు. 1868 డిసెంబరులో లండన్ పార్లమెంటు దగ్గర రైల్వే ఇంజినీరు జె.పి. నైట్ రూపొందించిన గ్యాస్ దీపాల సిగ్నల్‌ను నిలబెట్టారు. మరుసటి నెలలోనే అది పేలి పోలీసుకు గాయాలయ్యాయి. 1912లో సాల్ట్ లేక్ సిటీలో లెస్టర్ వైర్ అనే పోలీసు ఎరుపు, ఆకుపచ్చ విద్యుద్దీపాలను ఒక కొయ్యపెట్టెలో అమర్చాడు. 1914 ఆగస్టు 5న క్లీవ్‌లాండ్‌లోని యూక్లిడ్ ఎవెన్యూలో జేమ్స్ హోగ్ రూపకల్పన చేసిన విద్యుత్ సిగ్నళ్లు పనిచేయడం మొదలుపెట్టాయి. 1920లో డెట్రాయిట్ పోలీసు విలియం పాట్స్ నాలుగు దిక్కులకూ మూడు రంగులు చూపే సిగ్నల్‌ను తయారుచేశాడు. క్లీవ్‌లాండ్‌వాసి మోర్గాన్ 1923లో పేటెంటు పొందినది చేత్తో తిప్పే రెక్కల సిగ్నల్. అన్ని దిక్కుల వాహనాలనూ ఒకేసారి ఆపే మధ్యస్థితి అందులో ఉంది. గొప్ప ఆలోచనే, కాని మొదటి సిగ్నల్ కాదు. పరీక్షలో మాత్రం ప్రశ్నపత్రం కోరిన జవాబు రాయక తప్పదేమో.

ప్రశ్న: దీపావళికి మా ఇంటి ముందు, ఉత్తరాల పెట్టె పక్కన సిగ్నల్‌ను నిలబెట్టి వెలిగించాలని పిల్లల కోరిక. అభ్యంతరముంటుందా?
— పాఠకురాలు, కేరీ, నార్త్ కరోలినా

జవాబు: ఉంటుంది. రోడ్డుమీద వెళ్లేవారికి కనబడేలా సిగ్నల్‌నుగానీ సిగ్నల్‌ను పోలినదాన్నిగానీ సొంతంగా పెట్టడాన్ని అక్కడి రాష్ట్రాల వాహన చట్టాలు సాధారణంగా నిషేధిస్తాయి. కొత్తవాడెవడైనా మీ ఎరుపు చూసి సడన్ బ్రేకు వేస్తే వెనకవాడు గుద్దుతాడు. పెరట్లో, వీధికి కనబడని గోడకు పెట్టుకోండి. ఒక్క హెచ్చరిక: మూడు సెక్షన్ల 12 అంగుళాల అల్యూమినియం సిగ్నల్ బరువు చాలా ఎక్కువ. జిప్సమ్ పలకకు కాకుండా గోడలోని కొయ్యస్తంభానికే కొక్కెం బిగించాలి.

ప్రశ్న: డాలస్‌లో ఈగిల్ ఈఎఫ్-15 కంట్రోలరును, రెండు సిగ్నళ్లను బాగుచేసుకున్నాను. ఇప్పుడు హైదరాబాదుకు తిరిగి వచ్చేస్తున్నాను. 230 నుంచి 120 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు పెడితే సరిపోతుందా?
— పాఠకుడు, డాలస్, టెక్సస్

జవాబు: సిగ్నళ్లకు సరిపోతుంది, కంట్రోలరుకు సరిపోదు. ఈ ప్రశ్న వేసినందుకు మీకు కృతజ్ఞతలు. ఎలక్ట్రానిక్స్ రాకముందు కూడళ్లను నడిపిన యంత్రం ఎంత తెలివైనదో చెప్పే అవకాశం ఇచ్చారు.

ఈఎఫ్-15లో ఒక సింక్రనస్ మోటారు గుండ్రని డయలును తిప్పుతుంది. డయలు అంచున ఉన్న గాడుల్లో ‘కీ’ అనే చిన్న తాళాలు, అంటే మేకుల్లాంటి ముక్కలు, గుచ్చి ఉంటాయి. ఒక్కొక్క తాళం తన వంతు రాగానే ఒక మీటను తట్టుతుంది, ఆ తాకిడికి సొలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం కామ్‌షాఫ్టు అనే ఇరుసును ఒక్క మెట్టు ముందుకు తోస్తుంది, దానిమీదున్న ఎత్తుపల్లాల చక్రాలు, అంటే కామ్‌లు, దీపాల స్పర్శలను కలుపుతూ విడదీస్తూ పోతాయి. ఆకుపచ్చ ఎంతసేపుండాలన్నది తాళాన్ని ఏ గాడిలో గుచ్చామన్నదాన్నిబట్టి, రంగులన్నీ ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపన్నది మోటారు పక్కనున్న పళ్లచక్రాన్నిబట్టి నిర్ణయమవుతాయి. పాత కంట్రోలరు పెట్టెనుంచి వినవచ్చే టక్కుమనే చప్పుడు ఆ మెట్టుదే. చాలామంది సేకర్తలు దీపాలకంటె ఆ చప్పుడుకే ముగ్ధులవుతారు, నేనూ వారిలో ఒకడిని.

సింక్రనస్ మోటారు వేగం వోల్టేజిని లెక్కచేయదు, విద్యుత్తు పౌనఃపున్యాన్ని అనుసరిస్తుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుందే తప్ప పౌనఃపున్యాన్ని మార్చదు. కనుక అక్కడ 60 సెకన్లకు తిరిగిన డయలు ఇక్కడ 72 సెకన్లకు తిరుగుతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి వేడి: పౌనఃపున్యం తగ్గితే చుట్టల ప్రతిరోధం కూడా తగ్గి, అదే 120 వోల్టులకు అవి ఎక్కువ కరెంటు లాగి కాగిపోతాయి. పౌనఃపున్యం ఎంత నిష్పత్తిలో తగ్గిందో వోల్టేజిని కూడా అంతే తగ్గించాలి. 120లో ఆరింట అయిదు వంతులు 100. కాబట్టి 230 నుంచి 100 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మరు చేయించుకోండి. ప్రైమరీ, సెకండరీ చుట్టలు విడివిడిగా ఉండేదే అడగండి. మోటారు, సొలినాయిడ్ రెండూ హాయిగా నడుస్తాయి. దీపాల కోసం 85 నుంచి 265 వోల్టుల దాకా పనిచేసే ఎల్‌ఈడీ బల్బులు తీసుకుంటే 100 వోల్టుల్లోనూ నిండుగా వెలుగుతాయి. ఇక్కడి మరబల్బులు అమెరికా హోల్డరులో పడతాయి, పిన్ను బల్బులు పడవు.

కాలం కూడా సరిగా ఉండాలనిపిస్తే బయలుదేరేముందే 50 సెకన్ల పళ్లచక్రం సంపాదించుకోండి. ఇక్కడి విద్యుత్తుమీద అది సరిగ్గా 60 సెకన్లు ఇస్తుంది.

ప్రశ్న: మన ఊళ్లలో దించేసిన పాత సిగ్నళ్లను సేకరించవచ్చునా?
— పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: సేకరించవచ్చు, కాని దారి ఇరుకు. ప్రభుత్వ సంస్థల తుక్కు చాలావరకు కేంద్రప్రభుత్వ సంస్థ అయిన ఎమ్‌ఎస్‌టీసీ నడిపే ఈ-వేలాల్లో అమ్ముడవుతుంది, అక్కడ మొత్తం లాటు కొనాలి తప్ప ఒక్క సిగ్నల్‌ను విడిగా ఇవ్వరు. వేలంలో లాటు పాడుకున్న తుక్కు వ్యాపారిని కలిసి, అందులోంచి మీకు కావలసినదాన్ని బిల్లుతో కొనుక్కోవడం సులువు. పాత సామాన్ల కొట్టులో బిల్లు లేకుండా దొరికేదాన్ని, ఎంత చవకైనా, ముట్టుకోవద్దు. కొన్న తరువాత దానిమీదున్న స్తంభం సంఖ్యను, కూడలి పేరు రాసిన చీటీని చెరపకుండా ఉంచండి. తరువాత ఎవరైనా అడిగితే బిల్లుతోపాటు చూపవలసినది అదే.